సీసా మీద రాయని మాట

సాహిత్య విమర్శ కోసం పెట్టుకున్న పత్రికలో ఒక రసాయనం చరిత్ర ఎందుకని ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ఈ చరిత్రలో రసాయనం పాత్ర కొంచెమే, మాట పాత్ర ఎక్కువ అన్నది నా జవాబు. ఏది కారణం, ఏది కారణం పక్కన నిలబడ్డ తోడు అనే తేడా తెలియక, తెలిసినా చెప్పనివ్వక, చెప్పినా విననివ్వక మనుషులు చచ్చిపోయిన చరిత్ర ఇది. కార్యకారణ సంబంధం గురించి మనం సభల్లో గంటల తరబడి మాట్లాడుకుంటాం. కథలో పాత్ర పతనానికి వ్యక్తి బలహీనత కారణమా, వ్యవస్థ కారణమా అని తగువు పడతాం. అదే తగువు న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాల్లో 1981 నుంచి కొన్నేళ్లపాటు ఆస్పత్రి మంచాల పక్కన నడిచింది.

ముందు వస్తువు సంగతి చూద్దాం. బొటనవేలంత గాజుసీసా. లోపల లేత పసుపు ద్రవం. మూత తీస్తే చాలు, ఆవిరవుతుంది. అమెరికాలో దాని మీద ఒక కాలంలో 'గది పరిమళం' అని రాశారు. తర్వాత 'వీడియో హెడ్ క్లీనర్' అని, 'తోలు తుడిచే ద్రవం' అని, 'గోళ్లరంగు తీసేది' అని రాశారు. అమ్మేవాడికీ కొనేవాడికీ తెలుసు, అది ముక్కుతో పీల్చడానికేనని. వాడుకలో దాని పేరు పాపర్స్. పీల్చిన కొన్ని క్షణాల్లో రక్తనాళాలు సడలి, ముఖం వేడెక్కి, గుండె దడదడలాడి, తల తేలిపోయినట్టుంటుంది. శరీరం లోపలి కండరాలు కొన్ని వదులవుతాయి. ఒకటి రెండు నిమిషాల్లో అంతా సద్దుమణుగుతుంది. నాట్యశాలల్లోనూ, సంభోగ సమయంలోనూ దీన్ని ఎక్కువగా వాడింది పాశ్చాత్య నగరాల్లోని స్వలింగ ప్రేమికులైన పురుషులు, అందులోనూ యువకులు. కండరాలు వదులు కావడం వల్ల నొప్పి తగ్గడమే వాళ్లు దీన్ని కోరుకోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి. మర్యాద కోసం ఈ మాట దాటేస్తే మిగతా చరిత్ర అర్థం కాదు.

ఇక్కడ మన భాషతో రెండు చిక్కులున్నాయి. సారా, గంజాయి, హెరాయిన్, రైల్వే స్టేషన్లో పిల్లలు గుడ్డ మీద పోసుకుని పీల్చే వైట్‌నర్ - అన్నిటికీ మనకు 'మత్తు' అన్న ఒక్క మాటే ఉంది. వైట్‌నర్‌లోని ద్రావకం నేరుగా మెదడును పట్టుకుంటుంది. పాపర్స్ పట్టుకునేది రక్తనాళాలను. పీల్చడం తప్ప రెంటికీ పోలిక లేదు. రెండో చిక్కు మనుషుల పేరుది. మన పత్రికలు చాలాకాలం 'స్వలింగసంపర్కులు' అని రాశాయి. ఒక మనిషిని అతని పడకతో తప్ప మరి దేనితోనూ గుర్తించని మాట అది. భార్యాభర్తల్ని ఎవరూ 'భిన్నలింగసంపర్కులు' అని పరిచయం చెయ్యరు గదా! నేను 'స్వలింగ ప్రేమికులు' అనే రాస్తాను.

ఈ ద్రవం పుట్టింది మందుగానే. బ్రోమిన్‌ను కనిపెట్టిన ఫ్రెంచి రసాయనవేత్త బలార్ 1844లో అమైల్ నైట్రైట్‌ను తయారు చేశాడు. 1859లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గత్రీ దాన్ని వాసన చూస్తే ముఖం ఎర్రబారుతుందనీ, మెడ నరాలు ఎగిరెగిరి పడతాయనీ గమనించాడు. ఎడింబరో ఆస్పత్రిలో లాడర్ బ్రంటన్ అనే యువ డాక్టరు దగ్గర గుండెనొప్పితో రాత్రుళ్లు మెలికలు తిరిగిపోయే రోగులుండేవాళ్లు. రక్తం తీస్తే వాళ్లకు కాస్త ఉపశమనం కలగడం అతను చూశాడు. రక్తపోటు తగ్గితే నొప్పి తగ్గుతుందని ఊహించి, గుడ్డ మీద కొన్ని చుక్కల అమైల్ నైట్రైట్ వేసి పీల్పించాడు. నిమిషంలోపే నొప్పి పోయింది. ఆ సంగతి 1867లో లాన్సెట్ పత్రికలో ప్రచురించాడు. తర్వాత ఈ మందును గుడ్డ చుట్టిన చిన్న గాజుగుళికల్లో అమ్మారు. నొప్పి రాగానే వేళ్ల మధ్య చిదిపితే 'పాప్' మని పగిలేది. పాపర్స్ అనే పేరు ఆ చప్పుడులోంచి వచ్చింది. ఇది శరీరంలో ఎలా పనిచేస్తుందో తేలడానికి మాత్రం వందేళ్లకు పైగా పట్టింది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని విప్పి చెప్పినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే ఏడాది మార్చిలో అమెరికా ప్రభుత్వం వయాగ్రాకు అనుమతి ఇచ్చింది. ఈ రెండు సంగతుల ముడి ఏమిటో తర్వాత చెబుతాను.

మందు విలాసవస్తువుగా మారిన దారి చూస్తే, మార్కెట్టు చట్టం కన్నా ఎప్పుడూ ఒక అడుగు ముందే ఉంటుందని తెలుస్తుంది. 1960లో అమెరికా ప్రభుత్వం అమైల్ నైట్రైట్‌కు డాక్టరు చీటీ అక్కర్లేదంది. గుండెజబ్బు లేని యువకులు మందులషాపులో కొనుక్కోవడం మొదలుపెట్టారు. 1969లో మళ్లీ చీటీ కావాలన్నారు. వ్యాపారులు వెంటనే దాని దాయాది బ్యుటైల్ నైట్రైట్‌ను సీసాల్లో పోసి, 'గది పరిమళం' అని చీటీ అంటించి అమ్మారు. మందు అని చెప్పకపోతే మందుల చట్టం వర్తించదు. ఆ విధంగా ఈ వస్తువు మొదటి అబద్ధం చట్టంలోని సందు నుంచే పుట్టింది.

ఆ 1969 జూన్‌లోనే న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ అనే బార్ మీద పోలీసులు దాడి చేస్తే స్వలింగ ప్రేమికులు తిరగబడ్డారు. తర్వాతి పదేళ్లు వాళ్లకు విమోచన దశాబ్దం. పత్రికలు, సంఘాలు, పుస్తకాల షాపులు, నాట్యశాలలు వచ్చాయి. ఆ పత్రికల ఖర్చు ఎవరు భరించాలి? మామూలు కంపెనీలు ఆ పత్రికలకు ప్రకటనలివ్వవు. సీసా కంపెనీలు ఇచ్చాయి. పేజీ నిండా కండలు తిరిగిన యువకుడి బొమ్మ, పక్కన సీసా. విమోచన ఉద్యమపు గొంతు ఏ డబ్బు మీద నిలబడిందో ఆ డబ్బు గురించి ఆ గొంతు ప్రశ్నించడం కష్టం. ఇది వాళ్ల ఒక్కళ్ల బలహీనత అనుకోవద్దు. ప్రకటనల మీద బతికే ఏ పత్రికకైనా ఉన్నదే.

ఈ జీవితాన్ని లోపలి నుంచి చూసిన నవలలు రెండు 1978లో వచ్చాయి. ఒకటి ఆండ్రూ హాలరన్‌ది, రెండోది లారీ క్రామర్‌ది. క్రామర్ నవల తనవాళ్ల ఒళ్లు మండించింది. న్యూయార్క్‌లో స్వలింగ ప్రేమికుల పుస్తకాల షాపే దాన్ని అమ్మనంది. బయట శత్రువు కాచుకుని ఉండగా ఇంటిగుట్టు వీధిలో పెడతావా అన్నది వాళ్ల కోపం. ఈ కోపం మనకు కొత్త కాదు. స్త్రీవాద రచయిత్రులూ దళిత రచయిత్రులూ ఉద్యమాల లోపలి పురుషాధిక్యం గురించి రాసినప్పుడు మన సభల్లో వినిపించిన మాటలు దాదాపు ఇవే. క్రామర్ నవల కళగా ఎంత నిలుస్తుందో నాకు అనుమానమే. దానిలో కోపం ఎక్కువ, మనుషులు తక్కువ. కాని దాన్ని తిట్టినవాళ్లకూ మెచ్చినవాళ్లకూ మూడేళ్లలో ఒకే ప్రశ్న ఎదురైంది.

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక వేసింది. లాస్ ఏంజలిస్‌లో ఐదుగురు యువకులకు, వయస్సు 29 నుంచి 36 మధ్య, ఆరోగ్యవంతులకు సాధారణంగా రాని ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. ఇద్దరు అప్పటికే చనిపోయారు. ఐదుగురూ స్వలింగ ప్రేమికులు. నివేదికలో ఇంకొక వాక్యం ఉంది: ఐదుగురూ పీల్చే మందులు వాడారని. నెల తిరక్కుండా జూలై 3న మరో నివేదిక వచ్చింది. న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 26 మందికి కపోసీ సార్కోమా అనే అరుదైన కాన్సర్ వచ్చిందని దాని సారం.

అప్పటికి వైరస్ ఎవరికీ తెలియదు. డాక్టర్ల చేతిలో ఉన్నవి ఐదు జీవితాల వివరాలు మాత్రమే. ఆ ఐదింటిలో ఉమ్మడిగా కనిపించిన వస్తువు మీద చూపు పడటంలో తప్పులేదు. సీసా రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తున్నదేమో, ఆ కాన్సర్‌కు అదే మూలమేమో అని పెద్ద వైద్యపత్రికలే ఆ సంవత్సరాంతంలో అడిగాయి. తప్పు ఎక్కడ మొదలైందంటే, ఈ ఊహను సైన్సు బయటివాళ్లు పట్టుకున్నప్పుడు. మితవాద మతప్రచారకులకు అది తీర్పులా పనికొచ్చింది. 'చూశారా, వాళ్ల బతుకే వాళ్లకు జబ్బు' అన్నారు. 1982లో కొందరు డాక్టర్లే ఆ జబ్బుకు స్వలింగ ప్రేమికుల పేరు తగిలించారు. ఆ ఏడాది సెప్టెంబరులో గాని 'ఎయిడ్స్' అన్న పేరు స్థిరపడలేదు.

ఇక్కడ ఒక మనిషి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అతని పేరు హాంక్ విల్సన్. శాన్‌ఫ్రాన్సిస్కోలో కిండర్‌గార్టెన్ పిల్లలకు చదువు చెప్పేవాడు. హైస్కూల్లో తెలుగు చెప్పుకునే నాకు అతని మీద కొంచెం పక్షపాతం ఉంటే పాఠకులు మన్నించాలి. 1975లో టామ్ అమియానో మొదలైనవాళ్లతో కలిసి అతను స్వలింగ ప్రేమికులైన ఉపాధ్యాయుల సంఘం పెట్టాడు. ఆ రోజుల్లో తాను ఎవరో బయటపెట్టిన ఉపాధ్యాయుడికి ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం లేదు. 1978లో బ్రిగ్స్ అనే కాలిఫోర్నియా సెనేటరు, అటువంటి ఉపాధ్యాయులనూ, వాళ్లను బహిరంగంగా సమర్థించినవాళ్లనూ ప్రభుత్వ బడుల నుంచి తీసివేయాలని ప్రజల ఓటుకు పెట్టాడు. ఆ ప్రతిపాదనను ఓడించడానికి పనిచేసినవాళ్లలో విల్సన్ ఒకడు. నవంబరు 7న అది పది లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఆ పోరాటపు నాయకుల్లో ఒకడైన హార్వీ మిల్క్‌ను ఆ తర్వాత ఇరవై రోజులకే కాల్చి చంపారు.

విమోచన ఉద్యమంలో ఇంతగా పాల్గొన్న మనిషి 1981లో పాపర్స్ మీద నిఘా సంఘం ఒకటి పెట్టాడు. కరపత్రాలు వేశాడు. ప్రకటనలు ఆపమని పత్రికలకు ఉత్తరాలు రాశాడు. సీసాల మీద హెచ్చరిక ఉండాలని అధికారుల చుట్టూ తిరిగాడు. తనవాళ్లలోనే చాలామంది ముఖం చిట్లించారు. సుఖానికి అడ్డుపడే పంతులుగారి వరస అనుకున్నారు. మతప్రచారకులు మాట్లాడుతున్న మాట నువ్వూ మాట్లాడతావా అన్నది అసలు ఆరోపణ. అతను మాత్రం రెండు మాటల మధ్య తేడా చూశాడు. మతప్రచారకుడు 'నువ్వు పాపివి కనుక చస్తున్నావు' అంటాడు. విల్సన్ 'నువ్వు నావాడివి కనుక బతకాలి' అన్నాడు. చేతిలోని సీసా ఒకటే అయినా వాక్యం కర్త మారింది. తెలుగు వ్యాకరణం చదువుకున్నవాళ్లకు ఆ తేడా ఎంత పెద్దదో నేను వేరే చెప్పక్కర్లేదు.

అయితే విల్సన్ పట్టుకున్న సిద్ధాంతం నిలబడలేదు. 1982 జూలైలో ముగ్గురు హిమోఫీలియా రోగులకు అదే జబ్బు వచ్చినట్టు తేలింది. రక్తం గడ్డకట్టడానికి వాళ్లు ఎక్కించుకునే మందు ఇతరుల రక్తం నుంచి తయారవుతుంది. వాళ్లు పాపర్స్ పీల్చలేదు. ఆ డిసెంబరుకు పసిపిల్లల్లోనూ జబ్బు కనిపించింది. అంతవరకూ సీసా మీద, జీవన సరళి మీద కట్టుకున్న వాదాలన్నీ పసిపిల్లల ముందు కూలిపోయాయి. 1983లో వ్యాధి నియంత్రణ కేంద్రం 50 మంది రోగులనూ, 120 మంది ఆరోగ్యవంతులనూ పోల్చి చూసిన అధ్యయనాన్ని ప్రచురించింది. రెండు గుంపులనూ అన్నిటికంటె బలంగా వేరుచేసింది సీసా కాదు, లైంగిక భాగస్వాముల సంఖ్య. లైంగిక మార్గంలో అంటుకునే దేదో ఉందనడానికి అది ఆధారం. ఆ మేలోనే పారిస్‌లో బారే-సినూసీ, మోంతానియే బృందం వైరస్‌ను పట్టుకుంది. 1984లో అమెరికాలో గాలో బృందం దాన్ని జబ్బుతో ముడిపెట్టి చూపింది. 1985లో రక్తపరీక్ష వచ్చింది. కపోసీ సార్కోమా చిక్కు ఇంకా పదేళ్లు నడిచింది. హిమోఫీలియా రోగులకు అరుదుగా వచ్చే ఆ కాన్సర్ స్వలింగ ప్రేమికులకే ఎందుకు ఎక్కువ వస్తున్నదన్న ప్రశ్న మిగిలినంతకాలం సీసా మీద అనుమానమూ మిగిలింది. 1994లో యువాన్ చాంగ్, పాట్రిక్ మూర్ దానికి వేరే హెర్పిస్ జాతి వైరస్‌ను కనిపెట్టాక ఆ అనుమానమూ తీరింది.

మరి తప్పు సిద్ధాంతం చేతబట్టుకున్నవాడి పని అంతా వృథా అయిందా? ఈ ప్రశ్నకు జవాబు అదే కాలంలో న్యూయార్క్‌లో వెలువడ్డ 40 పేజీల చిన్న పుస్తకంలో ఉంది. 1983 మేలో మైకేల్ కాలెన్, రిచర్డ్ బెర్కోవిట్జ్ అనే ఇద్దరు యువకులు, ఇద్దరూ రోగులే, డాక్టరు జోసెఫ్ సొనబెండ్ సలహాతో దాన్ని రాశారు. మహమ్మారి నడుమ సంభోగం ఎలా చెయ్యాలన్నదే దాని పేరు, దాని విషయం. వాళ్లు వైరస్ ఒక్కటే కారణమని నమ్మలేదు. పదేపదే వచ్చే అంటురోగాలు కలిసి శరీరాన్ని కూలుస్తున్నాయనుకున్నారు. ఆ లెక్క తప్పు. కాని దాని నుంచి వాళ్లు తీసిన సలహా ఏమిటి? శరీర ద్రవాలు ఒకరి నుంచి ఒకరికి చేరకుండా చూసుకోండి, కండోమ్ వాడండి, భాగస్వామిని ప్రేమించండి, సుఖాన్ని మానుకోనక్కర్లేదు. ఈనాటి సైన్సు కూడా ఆ సలహాలో చాలా భాగాన్ని కొట్టివెయ్యదు. సిద్ధాంతం తప్పయి, ఆచరణ ఒప్పు కావడం ఎలా సాధ్యమైంది? వాళ్లు మంచాల మీదున్న మనుషుల వైపు నుంచి ఆలోచించారు కాబట్టి. ఎవరిని నిందించాలని బయల్దేరలేదు, ఎవరిని బతికించాలని బయల్దేరారు. ఎయిడ్స్ నివారణ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ప్రయోగశాల విజయాల పక్కన ఈ చౌకరకం ముద్రణ పుస్తకం. కాలెన్ 1993 డిసెంబరులో చనిపోయాడు.

ఇదే కథ తిరగబడిన రూపం కూడా ఉంది, దాన్నీ చూడాలి. విల్సన్‌తో కలిసి 1986లో పాపర్స్ మీద పుస్తకం తెచ్చిన జాన్ లారిట్సెన్ ఆ దారిన ముందుకు పోయి, వైరస్‌కు ఈ జబ్బుతో సంబంధమే లేదనే గుంపులో చేరాడు. ఆ గుంపుకు సైన్సు పేరు తెచ్చిపెట్టినవాడు బర్క్‌లీ ఆచార్యుడు పీటర్ డ్యూస్‌బర్గ్. 1987 నుంచి అతను వైరస్ నిరపాయకరమనీ, పాపర్స్ వంటి మాదకద్రవ్యాలూ, ఆ జబ్బుకు ఇచ్చే మందులూ కలిసి మనుషుల్ని చంపుతున్నాయనీ వాదించాడు. ప్రశ్నించేవాడు ధీరుడిలా కనిపిస్తాడు. ప్రభుత్వాల్నీ మందుల కంపెనీల్నీ అనుమానించడం మనకూ అలవాటే, అవసరమే. కాని అనుమానం ఆధారాన్ని ఒప్పుకోనన్నప్పుడు అది మూఢనమ్మకమే అవుతుంది. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు తాబో ఎంబెకీ 2000లో వేసిన సలహాసంఘంలో డ్యూస్‌బర్గ్‌కు చోటిచ్చాడు. ఆ దేశంలో వైరస్‌ను అణచే మందులు అందించడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం మూడు లక్షల ముప్ఫైవేల పైచిలుకు ప్రాణాలు తీసిందని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కకట్టారు. వాళ్లలో ఎక్కువమంది పాపర్స్ పేరు కూడా విని ఉండరు. విల్సన్ మాత్రం ఆ దారి పట్టలేదు. టెండర్‌లాయిన్ పేటలో అంబాసిడర్ హోటల్ నడుపుతూ, ఇల్లూ వాకిలీ లేని ఎయిడ్స్ రోగులకు ఏళ్ల తరబడి గదులిచ్చాడు. 2008 నవంబరులో చనిపోయాడు. ఒకే సీసా గురించి ఒకే పుస్తకం తెచ్చిన ఇద్దరిలో ఒకడు మనుషుల దగ్గర ఆగాడు, రెండోవాడు సిద్ధాంతం వెంట పోయాడు.

ఇంతకూ సీసా నిర్దోషా? కాదు. ఎయిడ్స్‌కు కారణం కానంత మాత్రాన సంబంధం లేదని కాదు. 1995-97 నడుమ అమెరికాలోని ఆరు నగరాల్లో మూడువేల మందికి పైగా పురుషుల్ని వెంట ఉండి పరిశీలించిన అధ్యయనం 2005లో వచ్చింది. కొత్తగా హెచ్.ఐ.వి. సోకినవాళ్లలో పాపర్స్ వాడకం ఒక ప్రమాదసూచికగా తేలింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఆ కాసేపట్లో జాగ్రత్త సడలుతుంది, కండోమ్ పక్కకు పోతుంది. నొప్పి తెలియనప్పుడు లోపలి పొర చిట్లినా తెలియదు. రక్తం ఆ భాగానికి ఎక్కువగా చేరుతుంది. వైరస్‌కు దారి దొరుకుతుంది. సీసా వైరస్‌ను పుట్టించదు, తలుపు తెరిచిపెట్టవచ్చు. ఈ ఒక్క వాక్యం 1981లోనే ఎవరైనా చెప్పగలిగి ఉంటే, దాన్ని శత్రువు ఎత్తుకుపోకుండా ఉండి ఉంటే! అది ఆనాడు సాధ్యం కాలేదు. 'సీసా అంతా చేసింది' అనేవాళ్లకూ, 'సీసా ఏమీ చెయ్యదు' అనే కంపెనీలకూ మధ్య ఆ వాక్యానికి చోటు లేకపోయింది. 1983 సెప్టెంబరులో ఎలుకల మీద చేసిన ప్రభుత్వ ప్రయోగం నిరోధకశక్తి దెబ్బతిన్న జాడ లేదని చెబితే, అమ్మేవాళ్లు దాన్నే యోగ్యతాపత్రంలా చూపుకున్నారు. ఆ ఎలుకల రక్తంలోనే ప్రాణవాయువును మోసే శక్తి కొంత తగ్గిన సంగతి అదే నివేదికలో ఉంది.

వైరస్‌తో సంబంధం లేని ప్రమాదాలు వేరే ఉన్నాయి. పీల్చేది పొరపాటున తాగితే రక్తం ప్రాణవాయువును మొయ్యలేక, పెదవులు నీలంగా మారి, మనిషి చచ్చిపోవచ్చు. ముందే ఆగిన ముడి ఇప్పుడు విప్పుతాను. వయాగ్రా కూడా నైట్రిక్ ఆక్సైడ్ నడిచే దారిలోనే పనిచేస్తుంది. పాపర్స్ ఆ దారిని ఒక చివర తెరిస్తే, వయాగ్రా రెండో చివర మూతపడనివ్వదు. రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మాత్రల వాడకం యువకుల్లోనూ పాకిన ఈ రోజుల్లో ఇది డాక్టర్లు అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. కాని ఆ ప్రశ్న అడగాలంటే ఎదుటి కుర్రవాడు ఎవరో ముందు తెలియాలి. అతను చెప్పుకోగల గది ఉండాలి.

చట్టం ఆ గదిని ఇవ్వకపోగా ఉన్నదాన్ని మూసింది. అమెరికా 1988లో బ్యుటైల్ నైట్రైట్ అమ్మకాన్ని, 1990లో దాని దాయాదులన్నిటినీ నిషేధించింది. పీల్చడానికి కాక వేరే వాణిజ్య అవసరానికైతే సరే అని మినహాయింపు పెట్టింది. అంటే ఇప్పుడు సీసా మీద అబద్ధం రాయడం వ్యాపారికి లాభసాటి మాత్రమే కాదు, తప్పనిసరి. యూరపులో ఐసోబ్యుటైల్ నైట్రైట్ కాన్సర్ కారకమని 2000ల మధ్యలో నిషేధిస్తే ఐసోప్రొపైల్ నైట్రైట్ ఆ చోటు ఆక్రమించింది. కొద్దికాలానికే, 2010లో, ఫ్రెంచి డాక్టర్లు కంటిపాప వెనుక పొర దెబ్బతిని చూపు మసకబారిన రోగుల గురించి రాశారు. సీసా పేరు అదే, లోపలి సరుకు వేరు. కొన్నవాడికి ఆ సంగతి చెప్పే అక్షరం సీసా మీద లేదు.

ఒప్పుకుంటే ఉన్నట్టవుతుందన్న భయం పాశ్చాత్యుల సొత్తు కాదు. 1994లో తీహార్ జైల్లో కండోమ్‌లు పంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. పంచితే అక్కడ పురుషుల మధ్య సంభోగం ఉందని ఒప్పుకున్నట్టవుతుందన్నది సంకటం. ఎయిడ్స్ భేద్‌భావ్ విరోధీ ఆందోళన్ అనే చిన్న సంస్థ 377వ సెక్షను మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది అందుకే. ఆ సెక్షను పట్టు సడలడానికి 2018 సెప్టెంబరు 6 దాకా ఆగవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ 2000లలో దేశంలో హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ఆనాటి మన కథల్లో ఎయిడ్స్ వచ్చిన పాత్ర చాలాసార్లు తప్పుకు శిక్షలాగే వచ్చింది. లారీ డ్రైవరు తప్పు చేస్తాడు, భార్య ఏడుస్తుంది, కథ ముగుస్తుంది. పురుషుణ్ణి ప్రేమించిన పురుషుడు శిక్షకు కూడా నోచుకోలేదు, కథలోకే రాలేదు. కారణాన్నీ పాపాన్నీ కలిపేసే రచన అభ్యుదయం పేరుతో వచ్చినా మతప్రచారకుడి కరపత్రానికి తోబుట్టువే.

ఇటీవలి కాలంలో రెండు దేశాలు ఈ సీసాతో పడ్డ పాట్లు చెప్పి ఆపుతాను. బ్రిటన్ మత్తు కలిగించే కొత్త పదార్థాలన్నిటినీ ఒక్క వేటుతో నిషేధించాలని చట్టం తెచ్చింది. 2016 జనవరి 20న పార్లమెంటు చర్చలో క్రిస్పిన్ బ్లంట్ అనే సభ్యుడు, అతనూ పాలక కన్సర్వేటివ్ పార్టీవాడే, తాను పాపర్స్ వాడతానని లేచి చెప్పాడు. నిషేధిస్తే నేనూ నేరస్థుణ్ణే అన్నది అతని మాట సారాంశం. అతని మిగతా రాజకీయాలతో నాకు పేచీ ఉంది గాని, సభలో ఆ మాట అనడానికి దమ్ము కావాలి. రెండు నెలల తర్వాత ప్రభుత్వ సలహాసంఘం, పాపర్స్ మెదడు మీద నేరుగా పనిచెయ్యవు కాబట్టి ఈ చట్టం కిందికి రావని తేల్చింది. పై పేజీల్లో వైట్‌నర్‌కూ దీనికీ చెప్పిన తేడాయే అక్కడ చట్టానికి ఆధారమైంది. సీసా మాత్రం మునుపటిలాగే మరో వస్తువు పేరుతో అమ్ముడవుతూ ఉండిపోయింది.

ఆస్ట్రేలియా మందుల నియంత్రణ సంస్థ 2018లో నైట్రైట్లన్నిటినీ హెరాయిన్ వరసలో చేర్చాలని ప్రతిపాదించింది. స్వలింగ ప్రేమికుల సంఘాలు, ఎయిడ్స్ సంస్థలు, డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. ఎవరు ఎందుకు వాడతారో, నిషేధిస్తే ఏమవుతుందో బహిరంగ విచారణలో సిగ్గుపడకుండా చెప్పారు. చివరికి 2020 ఫిబ్రవరి నుంచి అమైల్ నైట్రైట్‌ను, పిల్లలు తెరవలేని మూత పెట్టి, మందులషాపులో ఫార్మసిస్టు చేతి మీదుగా, డాక్టరు చీటీ లేకుండా అమ్మవచ్చని నిర్ణయించారు. కౌంటరు అవతలి మనిషి కొనేవాణ్ణి గుండెజబ్బుకు మందులేమైనా వాడుతున్నావా, వయాగ్రా వేసుకుంటున్నావా అని అడగవచ్చు. లోపల ఏముందో సీసా మీద దాని సొంత పేరుతో రాయవచ్చు.